పిండీ లేదు, వంటా లేదు

రాత్రి షిఫ్టు దిగి వచ్చాను.
కనుబొమల్లో ఇంకా కొలిమి వాసన.
కూర్మన్నపాలెం నిద్ర లేవలేదు,
పాలవాడి బండి ఒక్కటే దగ్గుతోంది.

పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.
ఎనిమిది గంటలు నిప్పుకి ఎదురుగా నిలబడ్డవాడికి
అగ్గిపుల్ల కూడా బరువే.

ఇదీ అసలు సంగతి. ఆరోగ్యం తర్వాత వచ్చింది,
మా లోహిత వల్ల వచ్చింది.
గోధుమ తగిలితే పొట్ట బిగిసిపోయే పిల్ల.
"కొన్నాళ్ళు ధాన్యమన్నది ఏదీ వద్దు" అని
డాక్టరమ్మ చీటీ మీద రెండు గీతలు గీసింది.
ఇంటర్వెల్‌లో అందరూ బిస్కెట్లు విరుస్తుంటే
మా పిల్ల నీళ్ళు తాగి వస్తోందని
నాకు చెప్పింది వాళ్ళమ్మ కాదు,
నీళ్ళ సీసా.
రోజూ అడుగంటా ఖాళీ.

పూర్ణా మార్కెట్లో ఖర్జూరం అడిగాను.
"మెత్తవా, ఎండువా?" అన్నాడు కొట్టాయన.
బొటనవేలితో నొక్కి చూశాను.
వేలి గుర్తు పడి, అలాగే ఉండిపోయింది.
అదే ఇమ్మన్నాను.
పలాస జీడిపప్పు, బద్దలే; గుండు ధర మనది కాదు.
నువ్వులు, గుమ్మడి గింజలు, అవిసెలు, ఎండు కొబ్బరి.

గింజలు మేడ మీద ఆరబెట్టాను.
మా దగ్గర మేడ మీద ఏది పరిచినా
సముద్రం కొంచెం ఉప్పూ, ప్లాంటు కొంచెం మసీ
అడక్కుండానే కలుపుతాయి.
పాత పంచె కప్పాను.
ఎండ పంచెలోంచి దూరింది,
మసి పంచె మీదే ఆగింది.
వేయించడమంటే నాకు చేతనైంది అంతే.

మా అత్తగారు సింహాచలమమ్మ
గుమ్మంలో పీట వేసుకుని అంతా చూసింది.
"ఏటి సేస్తన్నావు బావూ?"
"పిండివంటండి."
"పిండేదీ?"
"లేదండి."
"వంటో?"
"అదీ లేదు."
"అయితే పేరొక్కటే మిగిలిందన్నమాట" అని
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమెది పాకం ఎరిగిన చెయ్యి.
గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో ఒక్క చుక్క,
వేళ్ళ మధ్య తీగ సాగేదాకా
ఎవరు పిలిచినా పలికేది కాదట.
నా దగ్గర తీగా లేదు, ఉండా లేదు.
ఖర్జూరమే పాకం.
ఎక్కడో ఎడారిలో ఎండ
ముందే పట్టి, దించి, చల్లార్చి పంపింది.

మొదటిసారి విడిపోయింది.
కత్తి పెడితే ఇసుక.
స్పూన్లతో తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు.
రెండోసారి కొబ్బరినూనె ఎక్కువైంది.
ఏప్రిల్ కదా, బడి సంచిలో కరిగి
లెక్కల పుస్తకంలో ఒక పేజీ భిన్నాలు
వెనక పేజీలోంచి కనబడ్డాయి.

మూడోసారి మిక్సీ నేను తిప్పాను, కొలత లోహిత చెప్పింది.
పళ్ళెంలో కాగితం పరిచి
అడుగు చదునైన స్టీలు గ్లాసుతో అణిచాను,
మూల నుంచి మూలకి, గాలి బుడగ లేకుండా.
బిల్లెట్‌లో ఒక్క బుడగ మిగిలితే
అది ఎంత దూరం వెళ్ళి తిరిగొస్తుందో తెలిసినవాణ్ణి.

తర్వాత ఫ్రిజ్.
అక్కడ ఎర్రగా కాగితే గాని కడ్డీ అవదు.
ఇక్కడ చీకట్లో, చలిలో,
పెరుగు గిన్నె పక్కన, చప్పుడు లేకుండా కట్టుకుంది.
దాన్నీ బారే అంటారు, దీన్నీ బారే అంటారు.

మొదటి ముక్క అత్తగారికి ఇచ్చాను.
వెనక పళ్ళు లేవు, బుగ్గన పెట్టుకుంది.
చాలాసేపు మాట్లాడలేదు.
నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూసేటప్పుడు
ఇలాగే ఉండేదేమో.
"రెండు ఉప్పురాళ్ళు నలిపి ఎయ్యాల్సింది" అంది.
రెండో ముక్కకి చెయ్యి చాపింది.

ఇవాళ మళ్ళీ సి షిఫ్టు.
నా డబ్బాలో ఒకటుంది, ఉప్పు పడినది.
కొలిమి దగ్గర విప్పితే మెత్తబడుతుంది,
కంట్రోల్ రూములో దాక్కుని తినాలి.

లోహిత సీసా ఈ మధ్య
సగం నీళ్ళతో ఇంటికొస్తోంది.
పారబొయ్యడానికి చేతులు రాక
కరివేపాకు కుండీలో పోస్తున్నాను.